ఆస్తి ఇచ్చిన తండ్రి, ప్రశ్న ఇచ్చిన తండ్రి

తెలుగు నవలల్లో పాలు పంచుకోని ఇల్లు అరుదు. అన్నదమ్ములు వేరుపడడం, గట్టు తగాదా, దత్తత, వీలునామా, కోర్టు వాయిదా ఇవన్నీ మన కథలకు పాత సరుకే. అయితే వీటన్నింటిలోనూ ఆస్తి ఎవరికి దక్కుతుంది అన్నదే ప్రశ్న. దక్కించుకొన్నవాడు దాన్ని ఏం చేసుకొంటాడు, అందుకు అతణ్ణి ఎవరు తయారుచేశారు అని అడిగిన రచనలు తక్కువ. ఆ తక్కువలో రెండింటిని పక్కపక్కన పెట్టి చదవడం ఈ వ్యాసం ఉద్దేశం. ఒకటి త్రిపురనేని గోపీచంద్ 1940లలో రాసిన 'అసమర్థుని జీవయాత్ర' నవల. రెండోది కాళీపట్నం రామారావు గారి 'యజ్ఞం' కథ.

ఈ రెండూ మనకు దూరపు సీమల కథలు. ఒకటి కోస్తాది, ఇంకొకటి కళింగాంధ్రది. అయినా హొసూరు, బాగేపల్లి, చింతామణి ప్రాంతాల తెలుగువాళ్ళం వీటిని ఇప్పుడు మళ్ళీ చదవవలసిన అవసరం ఉంది. మన తాతలు రాగులు, అనుములు పండించిన చేలు ఇవాళ గజాల లెక్కన అమ్ముడుపోతున్నాయి. హొసూరులో సిప్కాట్ వచ్చింది మొదలు నేలకు కొత్త ధర పుట్టింది. బెంగళూరు పెరిగేకొద్దీ ఆ ధర ఇటు చిక్కబళ్ళాపురం దాకా పాకింది. ఎకరా నేలను నమ్ముకొని బతికిన తండ్రి కొడుకు చేతికి, తండ్రి జన్మలో చూడనంత సొమ్ము ఒక్క సంతకంతో వస్తున్నది. సొమ్ము వచ్చినంత వేగంగా తెలివిడి రాదు. ఆ తేడాలో ఏం జరుగుతుందో మన సాహిత్యం ఎప్పుడో రాసిపెట్టింది.

'అసమర్థుని జీవయాత్ర' గురించి మన విమర్శకులు చాలా రాశారు. తెలుగులో మనోవైజ్ఞానిక నవలకు దారి వేసిన రచన అన్నారు. నాయకుడు సీతారామారావు మనసులోని ఆత్మన్యూనతను, పలాయనాన్ని, తనను తాను మోసగించుకొనే తర్కాన్ని విప్పి చూపారు. అవన్నీ సరైన మాటలే. అయితే దాదాపు అందరూ అసమర్థత అనేది సీతారామారావు లోపల పుట్టిన జబ్బు అన్నట్టు రాశారు. ఆ జబ్బు అతనికి ఎక్కడ అంటింది అని వెతికితే నవల మనల్ని తండ్రి మంచం దగ్గరికి తీసుకొనిపోతుంది.

సీతారామారావు పేరున్న ఇంటివాడు. తండ్రి పోతూ పోతూ కొడుకును అడిగేది ఒక్కటే. వంశప్రతిష్ఠ నిలబెట్టమని. కొడుకు ఆ మాటను తలకెత్తుకొంటాడు. ప్రతిష్ఠ నిలబెట్టడమంటే ఏమిటో తండ్రి చెప్పలేదు. కొడుకు అడగనూ లేదు. కాబట్టి అతనికి తెలిసిన అర్థం ఒక్కటే: ఎవరు చేయి చాచినా కాదనకపోవడం, ఊళ్ళో తలెత్తుకొని తిరగడం, పైసలు లెక్కపెట్టడం చిన్నతనమనుకోవడం. ఆస్తి కరిగిపోతుంది. ఇందిరను పెళ్ళాడతాడు. ఇల్లు గడవడం కష్టమవుతుంది. ఉద్యోగంలో ఇమడలేడు. నలుగురిలో తగ్గిన విలువను ఇంట్లో భార్యాబిడ్డల మీద అధికారంతో భర్తీ చేసుకోవాలని చూస్తాడు. చివరికి శ్మశానంలో తనను తానే చంపుకొంటాడు.

తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అనే సామెతను మనవాళ్ళు బడాయికోరును వెక్కిరించడానికి వాడతారు. గోపీచంద్ ఆ సామెతను తిరగేసి చూశాడు. ఆ వాసన చూపించవలసిన పని మనుమడి మీద ఎవరు పెట్టారు? నెయ్యి తాగిన తాతే. గిన్నె ఖాళీ అయినా వాసన పోకూడదని చెప్పి పోయినవాడు ఆయనే.

గోపీచంద్ తన పాత్రను క్షమించడు. చదువుకొన్నవాడు, ఆలోచించగలవాడు, తనకు తెలిసిన సత్యాన్ని తానే దాటవేసుకొనే మనిషి అని చూపిస్తాడు. అటువంటి తండ్రి మాట విన్న కొడుకులందరూ శ్మశానం దారి పట్టలేదు గదా అని అడగవచ్చు. నిజమే. ఒకే ఇంట్లో ఒకే మాట విన్న అన్నదమ్ముల్లో ఒకడు నిలబడతాడు, ఒకడు కూలిపోతాడు. కాని నవల చూపే లోపం వ్యక్తిది మాత్రమే అయితే ఆ మరణశయ్య ఘట్టం అవసరమే లేదు. సీతారామారావుకు ఆస్తి లెక్క తెలియదు అన్నది అసలు ఇబ్బంది కాదు. లెక్క అడగడం తప్పు అని అతనికి నేర్పారు. చచ్చిపోయిన మనిషి ఇచ్చిన ఆజ్ఞతో వాదించడానికి వీలు లేదు. బతికున్న తండ్రిని అయితే ఏదో ఒక రాత్రి అన్నం దగ్గర అడగవచ్చు: నాయనా, ఈ ప్రతిష్ఠ మనకు ఎట్లా వచ్చింది, ఎంత ఖర్చుతో నిలుస్తుంది, ఎవరి కోసం? ఆ రాత్రి సీతారామారావుకు రాలేదు.

ఇక్కడ నవలకు బయట ఉన్న ఒక సంగతిని నవలతో కలిపి చూడాలి. గోపీచంద్ ఈ పుస్తకాన్ని తన తండ్రికి అంకితమిచ్చాడు. ఎందుకు అని ప్రశ్నించడం నేర్పినందుకు ఇస్తున్నట్టు రాసుకొన్నాడు. ఆ తండ్రి కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరి (1887-1943). డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివి వచ్చి, తెనాలి పురపాలక సంఘానికి అధ్యక్షుడై, 'సూతపురాణం' రాసి పురాణాలను నిలదీసినవాడు. పెళ్ళి మంత్రాలు అందరికీ అర్థం కావాలని తెలుగులో 'వివాహవిధి' రాసినవాడు. ఈ అంకితం చదివి ముందుకు పోతే నవల మొదట్లోనే ఇద్దరు తండ్రులు ఎదురవుతారు. కథలోని తండ్రి ఆస్తిని, ఆజ్ఞను ఇచ్చాడు. కథ బయటి తండ్రి ప్రశ్నను ఇచ్చాడు. మొదటి తండ్రి కొడుకు నాశనమయ్యాడు. రెండో తండ్రి కొడుకు ఆ నాశనాన్ని నవలగా రాయగలిగాడు.

ఈ పోలికను పొగడ్తగా తీసుకొంటే సగమే అర్థమవుతుంది. ప్రశ్నను వారసత్వంగా ఇచ్చే తండ్రికి ఒక నష్టం ఉంది. ఆ ప్రశ్న తన మీదికే తిరగవచ్చు. గోపీచంద్ విషయంలో అదే జరిగింది. హేతువాది కొడుకు ఎం.ఎన్. రాయ్ ఆలోచనల మీదుగా నడిచి, చివరి కాలంలో అరవిందుని తత్త్వం వైపు మళ్ళాడు. తండ్రి ఇచ్చిన ప్రశ్నను ఉంచుకొన్నాడు, తండ్రి చెప్పిన జవాబును వదిలేశాడు. దీన్ని ఓటమిగా చూసేవాళ్ళు ఉన్నారు. వారసత్వం సరిగా చేతులు మారినప్పుడు జరిగేది ఇదే అని నా అభిప్రాయం. తండ్రి పొలంలో తండ్రి వేసిన పంటే వేయాలని లేదు. పొలాన్ని చదవడం వస్తే చాలు.

గోపీచంద్ 1962లో చనిపోయిన తరువాత 1963లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చిన నవల పేరు 'పండిత పరమేశ్వరశాస్త్రి వీలునామా'. తెలుగు నవలకు ఆ బహుమతి రావడం అదే మొదలు. మనుషులు పోతూ పోతూ ఏం ఇచ్చిపోతారు అనే ఆలోచన ఈ రచయితను చివరిదాకా వదల్లేదని చెప్పడానికి ఆ పేరే సాక్ష్యం.

ఇక 'యజ్ఞం'. 1966లో 'యువ'లో అచ్చయిన ఈ కథలో చేతులు మారేది ఆస్తి కాదు, అప్పు. సుందరపాలెం అనే ఊరు. అప్పల్రాముడు చేసిన అప్పు, గోపన్నకు రావలసిన బాకీ, ఊరి పెద్ద శ్రీరాములునాయుడు ముందు తీర్పు. పంచాయతీ ధర్మంగానే నడుస్తుంది. పెద్దమనుషులు ఎవరూ గొంతు పెంచరు. తీసుకొన్న బాకీ తీర్చాలి అన్న మాటను ఎవరూ కాదనలేరు. అప్పల్రాముడు ఉన్న నేలను వదులుకోవడానికి ఒప్పుకొంటాడు. నేల పోతే కొడుకులకు, మనుమళ్ళకు మిగిలేది ఇంకొకరి చేనులో పాలేరుతనమే. అప్పుడు కొడుకు సీతారాముడు తన బిడ్డను తానే నరికి తెచ్చి పంచాయతీ ముందు పెడతాడు. తన బిడ్డకు బానిసతనాన్ని వారసత్వంగా ఇవ్వనని చెప్పడానికి అతనికి దొరికిన దారి అది.

ఈ ముగింపు మీద తెలుగులో జరిగినంత వాదం ఏ కథ మీదా జరగలేదేమో. బిడ్డను చంపడం పోరాటం ఎట్లా అవుతుంది అని ఒకరు, అది నిస్సహాయత హద్దు అని ఒకరు. ఆ వాదంలోకి నేను పోవడం లేదు. ఇక్కడ చూడవలసింది వేరు. సీతారామారావు, సీతారాముడు అనే పేర్లు కలవడం యాదృచ్ఛికమే కావచ్చు. అయితే రెండు పేర్లలోనూ ఉన్నది తండ్రి మాట నిలబెట్టిన కొడుకు పేరే. ఒక రచనలో ఆ పేరుగలవాడు తండ్రి మాట నిలబెట్టబోయి తాను పోతాడు. ఇంకొక దానిలో తండ్రి ఇచ్చిన మాటను భరించలేక తన బిడ్డను పోగొట్టుకొంటాడు. ఒకడికి అందింది మిగులు, ఇంకొకడికి అందింది బాకీ. ఇద్దరికీ తగ్గింది మాత్రం ఒకటే: తమకు చేరబోయేదాన్ని ముందుగా చూసి, లెక్కకట్టి, ఇది మాకు వద్దు, ఇంత వరకే మేము మోస్తాం అని చెప్పే చోటు. పంచాయతీలో అప్పల్రాముడి కొడుకులకు కోపం ఉంది గాని మాట లేదు. మంచం దగ్గర సీతారామారావుకు కన్నీళ్ళు ఉన్నాయి గాని మాట లేదు.

ఈ మాట లేకపోవడం మన ధర్మశాస్త్రం నుంచే మొదలయిందా అన్న అనుమానం రావచ్చు. తెలుగువాళ్ళకు వారసత్వ న్యాయం తెలుగులోనే అందింది. పదమూడో శతాబ్దంలో, తిక్కన కాలంలోనే, కేతన మితాక్షరను 'విజ్ఞానేశ్వరీయం' పేరుతో పద్యాల్లో తెచ్చాడు. మితాక్షర ప్రకారం తాతల ఆస్తిలో కొడుకుకు పుట్టుకతోనే హక్కు. తండ్రి పోయేదాకా ఆగనక్కరలేదు. ఇది ఎంత పెద్ద మాటో మనం ఆలోచించం. కొడుకు పుట్టిన రోజునుంచీ తండ్రికి పాలివాడు. పాలివాడికి లెక్క చూపించాలి గదా. మన ఇండ్లలో మాత్రం హక్కు పుట్టుకతో వచ్చి, లెక్క మాత్రం చావుతో వస్తున్నది. పెట్టె తాళం చేతికి వచ్చేది పదమూడో రోజు తరువాతనే.

అదే న్యాయంలో ఇంకొక పక్క ఉంది. తండ్రి అప్పు తీర్చడం కొడుకుకు పుణ్యబాధ్యత అన్నారు. ఉమ్మడి ఆస్తిలో తన పాలు ఉన్నంతవరకు కొడుకు, మనుమడు, మునిమనుమడు దాకా ఆ బాకీ వెంటపడేది. జూదానికీ వ్యసనానికీ చేసిన అప్పులకు మినహాయింపు ఉండేది. 'యజ్ఞం' వచ్చిన నాటికి కోర్టులు ఈ బాధ్యతను గుర్తించేవి. 2005 సెప్టెంబరు 9న అమలులోకి వచ్చిన హిందూ వారసత్వ చట్టం సవరణ తరువాత చేసిన అప్పులకు, కేవలం పుణ్యబాధ్యత పేరుతో కొడుకును వెంటాడే వీలు లేకుండా పోయింది. సీతారాముడు అడగదలచుకొన్న మాటను పార్లమెంటు దాదాపు నలభై ఏళ్ళ తరువాత అంది. అయితే చట్టం మారినంత మాత్రాన పంచాయతీ మారదు. నేటికీ మన పల్లెల్లో తండ్రి బాకీ కాదన్న కొడుకును మనిషిగా చూడరు. ఆ పట్టింపులో మంచి లేకపోలేదు. ఆ మంచిని వాడుకొనేవాళ్ళూ లేకపోలేదు. ఈ రెండింటినీ ఒకే ఊపిరిలో చూపించినందుకే 'యజ్ఞం' గొప్ప కథ.

ఈ రెండు రచనల్లోనూ ఒక లోటు కనిపిస్తుంది. ఇది నీది అని చెప్పించుకొనేవాడు, ఇది నువ్వు మోయాలి అని చెప్పించుకొనేవాడు మగవాడే. ఇందిర ఆ ఇంటి పతనాన్ని అందరికంటే దగ్గరగా చూసింది. ఆమెను ఎవరూ ఏదీ నిలబెట్టమని అడగలేదు. ఆ కాలానికి అది సహజం. ఈ కాలానికి కాదు. ఆడబిడ్డకు ఉమ్మడి ఆస్తిలో సమాన పాలు ఇస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లో చట్టం తెచ్చి 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తింపజేసింది. తమిళనాడులో ఆ హక్కు 1989 మార్చి 25 నుంచి, కర్ణాటకలో 1994 జూలై 30 నుంచి. మూడు రాష్ట్రాలు కలిసే చోట ఉండే మనకు దీని అర్థం తెలుసు. కుప్పం పక్క నేలలో పెళ్ళికాని అక్కకు హక్కు వచ్చిన తొమ్మిదేళ్ళకు గాని చింతామణి పక్క చెల్లెలికి రాలేదు. నడుమ హొసూరు. అప్పటికే పెళ్ళయిన ఆడబిడ్డలను మూడు చట్టాలూ బయట పెట్టాయి. 2005 సవరణ ఆ తేడాలన్నిటినీ తుడిచివేసింది. తండ్రి 2005 నాటికి బతికి ఉన్నాడా లేదా అన్న చిక్కును కూడా 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు విడదీసి, హక్కు పుట్టుకతోనే అని తేల్చింది.

చట్టం ఇంత దూరం వచ్చింది. మన కథ అంత దూరం రాలేదు. రిజిస్టరు ఆఫీసులో విడుదల పత్రం మీద చేవ్రాలు పెట్టి, పసుపు కుంకుమల కింద ఒక చీర తీసుకొని వెళ్ళిపోయే ఆడబిడ్డ మన ఊళ్ళలో ప్రతి ఇంటా ఉంది. తాను ఏం వదులుకొంటున్నదో ఆ కాగితంలో ఎంత రాసి ఉందో ఆమెకు చదివి వినిపించినవాళ్ళు ఎంతమంది? ఆమెను వారసురాలిగా తయారుచేయడమన్న మాట ఇంకా మన ఇళ్ళలో పుట్టలేదు. గోపీచంద్ లాంటి రచయిత ఆ చీర మడతలోకి చూడవలసి ఉంది.

మన ప్రాంతపు తండ్రులకు ఇంకొక చిక్కు ఉంది. అది కోస్తా తండ్రికి లేదు. హొసూరు రైతు పట్టా, చిట్టా, అడంగల్ తమిళంలో ఉంటాయి. బాగేపల్లి రైతు పహణీ కన్నడంలో ఉంటుంది. తాత రాసుకొన్న చిల్లర పద్దుల పుస్తకం మాత్రం తెలుగులో ఉంటుంది. ఎవరికి ఎంత ఇచ్చింది, ఏ గట్టు ఎవరితో మాట్లాడి జరిపింది, ఏ బావి తవ్వకానికి ఎవరి కూలి బాకీ పడింది అన్నీ అందులోనే. తమిళనాడులో 2006 చట్టంతో ఒకటో తరగతినుంచి తమిళం తప్పనిసరి అయింది. ప్రభుత్వ భాష నేర్చుకోవడం మంచిదే, ఆ కాగితాలు చదవడానికి అది కావాలి కూడా. కాని దాని పక్కన తెలుగు జారిపోతే, మనుమడు సర్కారు కాగితం చదవగలడు, తాత కాగితం చదవలేడు. నేల ఎంత అన్నది తెలుస్తుంది. ఎట్లా వచ్చింది, ఎవరి చెమటతో వచ్చింది అన్నది తెలియదు. సీతారామారావుకు తెలియనిది సరిగ్గా ఇదే.

లిపి ఒక్కటే దారి అని నేను అనడం లేదు. చింతామణి పక్కన కైవారం తాతయ్యను చూడండి. గాజులమ్మే కులవృత్తిని వదిలి తత్త్వాలు పాడిన నారేయణ యోగి తెలుగులోనూ కన్నడంలోనూ చెప్పాడు. ఆయన తెలుగు పాటలు ఆ పక్క కన్నడ లిపిలో అచ్చవుతాయి. భజన చేసేవాళ్ళలో తెలుగు అక్షరం రానివాళ్ళూ ఉన్నారు. అయినా ఆ పాట నిలిచింది. ఎందుకంటే దాన్ని ఎవరూ పెట్టెలో పెట్టి తాళం వేయలేదు. పెద్దవాడు పాడుతుంటే పిల్లవాడు తాళం పట్టుకొని పక్కన కూర్చున్నాడు, తప్పు తాళం వేసినప్పుడు దిద్దించుకొన్నాడు. వారసుణ్ణి తయారుచేయడానికి ఇంతకంటె మంచి పద్ధతి నాకు కనబడలేదు. పద్దుల పుస్తకం దగ్గర కూడా పిల్లను, పిల్లవాణ్ణి అట్లా కూర్చోబెట్టవచ్చు.

కాళీపట్నం రామారావు గారు 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టారు. బడిపంతులుగా బతికిన మనిషి జీవితమంతా పోగుచేసిన కథల పుస్తకాలను, పత్రికలను ఊరందరికీ తెరిచిపెట్టారు. 2021లో ఆయన పోయేనాటికి అది తెలుగు కథకు చిరునామా అయింది. అప్పు వారసత్వంగా వచ్చే కథ రాసిన మనిషి, చదువరులందరినీ వారసులుగా చేసే పని చేశారు. ఆయన ఈ పనిని బతికుండగానే చేశారు. తాళం తీసి చూపించి, ఇది ఇక్కడ ఉంది, దీన్ని ఇట్లా వెతుక్కోవాలి అని చెప్పారు. వీలునామాకూ దీనికీ తేడా అంతా అందులోనే ఉంది.

కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి అని పిల్లలకు చెప్పడం తేలిక. కొండ ఎట్లా పోగయిందో చెప్పడం కష్టం. అందులో మన గొప్పలతో పాటు మన తప్పులు కూడా చెప్పవలసి వస్తుంది. ఆ కష్టం తప్పించుకొన్న తండ్రి ప్రతిష్ఠ అనే ఒక్క మాటలో అంతా కట్టి ఇచ్చిపోతాడు. గోపీచంద్ ఆ మూట విప్పితే అందులో ఏమీ లేదని చూపాడు. కారా గారు అదే మూటలో ఉరితాడు ఉందని చూపారు. ఈ రెండు పుస్తకాలు చదివిన తరువాత కూడా మనం పిల్లలకు మూటలే కట్టి ఇస్తుంటే తప్పు పుస్తకాలది కాదు. సిప్కాట్ పక్కన చేను అమ్మిన ఇంటి కథ, విడుదల పత్రం మీద చేవ్రాలు పెట్టిన ఆడబిడ్డ కథ, తాత తెలుగు పద్దు చదవలేని మనుమడి కథ మన మధ్యనే తిరుగుతున్నాయి. వాటిని రాయవలసిన చేతులు కూడా ఈ పత్రిక చదివేవాళ్ళలోనే ఉన్నాయి.